అడవిలో కథ చెప్పేవారు

ఇయాన్ ప్లేయర్ 1957లో విల్డర్‌నెస్ లీడర్‌షిప్ స్కూల్‌ను స్థాపించి, యువతను ఇంఫొలోజి అరణ్యంలోనికి కాలినడకన తీసుకొనివెళ్లే సంప్రదాయాన్ని నెలకొల్పారు. అక్కడ గడియారం ఉండదు. రాత్రివేళ ఒక్కొక్కరూ వంతులవారీగా నెగడు వద్ద ఒంటరిగా కావలి కూర్చోవాలి. యౌవనంలో అడుగిడేవారికి అది ఒక దీక్ష వంటిది. ఆ యాత్రలకు మూలమైన స్నేహాన్ని ప్లేయర్ ‘జులూలాండ్ విల్డర్‌నెస్: షాడో అండ్ సోల్’ (1997) అనే గ్రంథంలో చిత్రించారు.

ఈ గ్రంథానికి నిజమైన నాయకుడు మగ్కుబు ఎన్‌టొంబెలా. వర్ణవివక్ష రాజ్యమేలిన కాలంలో ఒక శ్వేతజాతి అధికారి, తనకంటే పెద్దవారైన జులూ అటవీరక్షకుని గురువుగా స్వీకరించడం సామాన్య విషయం కాదు. ఆ వినయమే గ్రంథానికి ప్రాణం.

చదువుతున్నంతసేపూ నాకు మన అరణ్యపర్వం స్ఫురించింది. నన్నయ విడిచిన ఆ పర్వాన్ని ఎఱ్ఱన పూరించారు. రాజ్యం కోల్పోయి అడవికి వచ్చిన ధర్మరాజు, తనవంటి దుఃఖితుడు మరొకడున్నాడా అని అడుగుతాడు. బృహదశ్వుడు నలుని కథ చెబుతాడు. తర్వాత మార్కండేయుడు సావిత్రి కథ చెబుతాడు. అతనికి అడవిలో ఊరట కలిగించినది పెద్దల మాట. ప్లేయర్‌కు మగ్కుబు వల్ల లభించినదీ అదే.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. మగ్కుబు మాట మనకు ప్లేయర్ కలం ద్వారానే చేరుతుంది. పైగా ‘విల్డర్‌నెస్’ అనగానే మనుషులెరుగని చోటు మనసులో మెదులుతుంది. ఇంఫొలోజి ఒకనాడు జులూ రాజుల వేటభూమి. గ్రంథం మగ్కుబును మన ఎదుట నిలుపుతుంది. శీర్షికలోని ఆ మాట ఆయన పూర్వులను మరుగుపరుస్తుంది.

మన పూర్వులు 1860 నుండి ఈ నేటాల్ తీరానికి ఒప్పంద కూలీలుగా వచ్చి చెరకు నరికారు. మా నాయనమ్మ చేనిగట్టున తోటకూర కోస్తూ, ఒక్కొక్క మొక్క పేరూ చెప్పేది. జులూ పొరుగువారు అటువంటి ఆకుకూరలను ‘ఇమిఫినో’ అనేవారు. ఆమె మాట నాకు అప్పుడు సగమే అర్థమయ్యేది. ఉద్యోగ విరమణ తర్వాత సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొన్నాను. అడుగుదామంటే ఆమె లేదు.

పిల్లలను అడవికి తప్పక పంపండి, ఒంటరి కావలీ కాయనివ్వండి. అంతకుముందు ఒకనాడు తాతతోనో అవ్వతోనో పెరట్లో నడవనివ్వండి. మొక్కల పేర్లు చెప్పేవారు ఇంట్లో ఉండగానే అడగడం మంచిది.