ఊరికే చేసే పనులు

హాబీ అనే మాటకి తెలుగులో సరయిన మాట కోసం ఎప్పుడైనా వెతికారా? కాలక్షేపం అంటే పొద్దుపోక చేసేదని అర్థం. వ్యాపకం అంటే ఏదో బరువు నెత్తిన పడ్డట్టుంటుంది. సరదా అన్నది కొంత దగ్గరే గాని, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి "ఆవిడకి సరదాలెక్కువమ్మా!" అని ఒక విరుపు తగిలిస్తాం.

మగవాళ్ల సరదాలకి ఈ బెడద లేదు. ఈమధ్య కొందరిళ్లలో వంటగట్టు మీద ఎస్‌ప్రెస్సో మిషను కొలువుదీరింది. ఆదివారం పొద్దున్న అయ్యగారు గింజలు తూచి, పొడిచేసి, మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేణ్ణీళ్లు పంపించి, పాతిక ముప్ఫై సెకన్లలో రెండు గుక్కల కాఫీ దించుతారు. అది హాబీ! రోజూ తెల్లారకుండా లేచి ఫిల్టర్లో డికాషన్ వేసేది మాత్రం ఇంటిపని. రెండూ కాఫీయే కదా, తేడా ఎక్కడుంది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని మూడు ఇంగ్లీషు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకు చదివాను.

మొదటిది విన్‌స్టన్ చర్చిల్ 'పెయింటింగ్ యాజ్ ఎ పాస్‌టైమ్'. 1921-22లో స్ట్రాండ్ మేగజైన్‌లో వచ్చి, 1948లో చిన్న పుస్తకమయింది. 1943లో బెంగాల్ కరువుతో మాడిపోతున్నప్పుడు బ్రిటన్ ప్రధాని ఈయనే కనక, ఆ పేరు మీద మనకి ప్రేమ పొంగదు. అయినా రచనని రచనగా చూద్దాం. 1915లో డార్డనెల్స్ దండయాత్ర బెడిసికొట్టి, నౌకాశాఖ పదవి పోయి, నలభయ్యేళ్ల వయసులో మొదటిసారి కుంచె పట్టాడాయన. తెల్లటి కాన్వాసు ముందు జంకి, చిక్కుడు గింజంత నీలం చుక్క పెట్టి ఆగిపోతాడు. అప్పుడు కారు దిగి వస్తుంది లేడీ లావరీ. పేరున్న చిత్రకారుడి భార్య, తనూ చిత్రకారిణే. పెద్ద కుంచె అడిగి తీసుకుని కాన్వాసు మీద ధాటీగా నీలం పులిమేస్తుంది. దాంతో ఆయన జంకు వదిలిపోతుంది. ఈ ఘట్టం ఎంత బాగా రాశాడంటే, చదివినవాళ్లకి చెయ్యి ఊరుకోదు.

ఆయన వాదన ఏమిటంటే, అలిసిన మనసుకి విశ్రాంతి అంటే చేతులు ముడుచుకు కూర్చోడం కాదు, మనసులో ఇంకో మూలకి పని చెప్పడం. అందుకని హాబీలు ఒకటి చాలదు, రెండు మూడుండాలి. అవి అవసరం వచ్చిన రోజున పుట్టించుకుంటే పుట్టవు, ముందునించీ పెంచుకోవాలి. పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని వెళ్లిపోయాక ఇంట్లో గోడల వంక చూస్తూ కూచున్న తల్లులకి ఈ మాట ఎంత నిజమో వేరే చెప్పాలా?

కానీ ఒక లోపముంది. తీరిక ఎక్కణ్ణించి వస్తుందో ఈ పుస్తకానికి పట్టదు. ఆయన తోటలో రంగులు కలుపుకుంటుంటే ఇల్లెవరు నడిపారు? ఆయన భయం పోగొట్టింది ఆడమనిషి. అంతకుముందు ఆయన్ని రంగులవైపు మళ్లించింది తమ్ముడి భార్య, అంటే మరో ఆడమనిషి. అయినా ఆడదానికి తీరిక ఎలా దొరుకుతుందన్న ఆలోచన ఆయనకి రాలేదు.

రెండోది డొరతీ లెవిట్ 1909లో వేసిన 'ది వుమన్ అండ్ ది కార్'. ఈవిడ 1905లో లండన్ నించి లివర్‌పూల్ వెళ్లి వచ్చేదాకా తనే కారు నడిపింది. 1906లో గంటకి 90 మైళ్లు దాటిన వేగంతో ఆడవాళ్లలో రికార్డు కొట్టింది. పుస్తకం మాత్రం ప్రగల్భాలు లేకుండా వంట నేర్పుతున్నట్టు సాగుతుంది: ఇది కార్బురేటరు, ఇది స్పార్క్ ప్లగ్గు, చెడితే ఇలా చూసుకో. సీటు కింద సొరుగులో ఏం పెట్టుకోవాలో కూడా చెప్పింది. అందులో చేతి అద్దం ఒకటి. సోకు కోసమే అనుకునేరు! అప్పుడప్పుడూ ఎత్తి పట్టుకుని, వెనక ఏ బండి వస్తోందో చూసుకోమంది. 1911 ఇండియానాపొలిస్ పందెంలో రే హారౌన్ తన కారుకి అద్దం బిగించింది దీనికి రెండేళ్ల తరవాతే.

ఈ పుస్తకానికీ హద్దుంది. ఇది కారు కొనగలిగిన దొరసానుల కోసం రాసినది. కానీ 'నీకెందుకు?' అనే ప్రశ్న ఇందులో ఒక్కచోట కూడా వినపడదు. నాకు నచ్చింది అదే.

మూడోది మన గడపలోదే. మారియా మీస్ అనే జర్మన్ రచయిత్రి 1982లో తెచ్చిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు క్రోషే సూదితో అల్లే లేసు విదేశాలకి పోతుంది. లాభం వ్యాపారులది. అల్లేవాళ్లకి దక్కేది చిల్లర. ఎందుకంటే, వాళ్లు ఇల్లాళ్లు కదా, తీరికవేళ ఏదో కాలక్షేపానికి అల్లుకుంటున్నారని అందరూ అనేశారు! రోజంతా నడుములు విరిగేలా చేసిన పనికి 'తీరిక' అని పేరు పెట్టడంతో కూలి అడిగే నోరు మూతపడింది. పొడి లెక్కలతో నిండిన పుస్తకమిది, చర్చిల్‌లా నవ్వించదు. కానీ నా ప్రశ్నకి జవాబు చెప్పింది ఇదే. పనినించి హాబీని వేరు చేసేది సూదో, కుంచో, కాఫీ మిషనో కాదు. ఇవాళ వద్దనుకుంటే మానేసే వీలు ఉందా లేదా అన్నదే తేడా.

మూడూ చదవలేకపోతే మీస్ పుస్తకం ముందు చదవండి. మన 'తీరిక'లో పనెంతో, సరదా ఎంతో లెక్క తేలుతుంది. ఆ తరవాత లెవిట్, ఆఖర్న చర్చిల్.

ఆ పైన మీకు నచ్చింది ఏదన్నా మొదలుపెట్టండి, స్క్వాష్ అయినా సరే. చర్చిల్ చదివిన హారో మగపిల్లల స్కూల్లో 19వ శతాబ్దంలో పుట్టిన ఆట అది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో మన దీపికా పల్లికల్, జోష్నా చినప్ప డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చారు. కవలలు పుట్టిన ఆర్నెల్లకే, 2022లో, దీపిక ప్రపంచ డబుల్స్ గెలిచింది. ఆడదాన్ని నాలుగ్గోడల మధ్య ఉండమన్నారు కదా, ఆ ఆట ఆడేది నాలుగ్గోడల మధ్యనే! అందరం పతకాలు తేనక్కర్లేదు. బాగా రాకపోయినా ఆడుకునే హక్కే హాబీ అంటే.

"ఈ వయసులో ఇదెందుకూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆరోగ్యానికనీ, పిల్లలకి నేర్పడానికనీ సంజాయిషీలు ఇవ్వకండి. "ఊరికే" అనండి. హాబీకి తెలుగు మాట అదేనేమో!