రాగి చుట్టు, కాగితం కాపలా

పొలం గట్టున ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. 11 కిలోవోల్టులు ఒకవైపు వస్తాయి, 433 వోల్టులు మరోవైపు మోటార్లకు పోతాయి. రెండు వైండింగ్‌లకూ మధ్య తీగ కలవదు. కోర్‌లో సెకనుకు వందసార్లు దిశ మార్చుకునే అయస్కాంత ప్రవాహమే కలుపుతుంది. 1831లో ఫారడే ఇనుప వలయానికి తీగలు చుట్టి కనిపెట్టిన సూత్రమే ఇది. సూత్రం తేలిక. దాన్ని ఏళ్లపాటు నిలబెట్టేది వైండర్ చేతి పని.

చుట్టుకు 5 వోల్టుల లెక్క వేసుకుందాం. స్టార్‌లో కలిపే తక్కువ వోల్టేజీ వైండింగ్‌కు (ఎల్‌టి) ఫేజుకు 250 వోల్టులు కనుక 50 చుట్లు చాలు. డెల్టాలో ఉండే ఎక్కువ వోల్టేజీ వైండింగ్‌కు (హెచ్‌టి) ఫేజు మీద మొత్తం 11,000 వోల్టులూ పడతాయి, 2,200 చుట్లు కావాలి. 100 కెవిఎ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడులో ఎల్‌టిలో 133 ఆంపియర్లు పారతాయి. అందుకే దానికి దళసరి పట్టీ. హెచ్‌టి చుట్లలో పారేది 3 ఆంపియర్లే, సన్నతీగ సరిపోతుంది. కోర్ ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి ఎల్‌టి లోపల, హెచ్‌టి దాని మీద.

పనితనమంతా హెచ్‌టిలోనే. 2,200 చుట్లూ ఒకే కాయిల్‌గా చుట్టరు. నాలుగు కాయిల్స్ చేస్తే ఒక్కోదానిలో 550. వరుసకు 50 చుట్లు, మగ్గం మీద పోగుల్లా సందు లేకుండా పడాలి. కుడికి వెళ్లిన తీగ పై వరుసలో ఎడమకు తిరిగొస్తుంది. తిరిగిన చోట కిందా మీదా చుట్ల మధ్య తేడా 5 వోల్టులే. అవతలి కొసకు వచ్చేసరికి అది దాదాపు 500 అవుతుంది. అక్కడ ఎనామిల్ పూతను ఒక్కదాన్నే నమ్మరు. ప్రతి వరుస మీదా వెడల్పు కాస్త ఎక్కువగా కాగితం పరిచి, కొసలు మడిచి, చివరి చుట్టు కిందికి జారకుండా నూలు టేపుతో కట్టేస్తారు. ఆ చుట్టు జారి కింది తీగను తాకిందా, కాయిల్ కాలిపోయినట్టే.

కాగితానికి తేమే శత్రువు. అందుకే కాయిల్స్‌ను ఓవెన్‌లో ఆరబెట్టి నూనెలో ముంచుతారు. బిగువూ అంతే ముఖ్యం. దగ్గర్లో ఎల్‌టి తీగలు కలిస్తే కరెంటు ఒక్కసారిగా ఎగిసి, లోపలి వైండింగ్ కోర్ మీదికి నలుగుతుంది, బయటిది ఉబ్బబోతుంది. వదులుగా ఉన్న తీగ ఆ కుదుపుకు కాగితాన్ని చింపేస్తుంది.

చివరికి పరీక్ష. రెట్టింపు వోల్టేజీ ఇస్తారు. కోర్ తట్టుకోవాలని ఫ్రీక్వెన్సీనీ 100 హెర్ట్జ్‌కు పెంచుతారు. వరుసల కొసన 500 ఉన్నచోట 1,000 వోల్టులు పడతాయి. లోపలి వరుసల్లో కాగితం మడత సరిగ్గా పడిందో లేదో ఆ ఒక్క నిమిషంలో తేలిపోతుంది.