చెరిపేసిన గడియారం, అతికించిన కారు

అమెరికా ఆదివాసీ అనగానే నెత్తిన ఈకలు, కింద గుర్రం, ముఖాన విషాదం. ఈ బొమ్మను మన కళ్లల్లో ఎవరు పెట్టారు? ఎడ్వర్డ్ కర్టిస్ అనే తెల్ల ఫొటోగ్రాఫర్ 1907 నుంచి 1930 దాకా అక్కడి మూలవాసుల మీద 20 సంపుటాలు వేశాడు. పీగన్ తెగవాళ్ల గుడారంలో తీసిన ఒక ఫొటోలో ఇద్దరి మధ్యా అలారం గడియారం ఉంది. అచ్చయిన బొమ్మలో అది లేదు, చెరిపేశారు. గడియారం పెట్టుకున్నోడు 'అసలైన ఇండియన్' కాడన్నమాట!

ఆర్థర్ అమియోట్ కొలాజ్‌లను మేము ఈ చెరిపివేతకు జవాబుగా చదువుతున్నాం. ఆయన 1942లో పైన్ రిడ్జ్‌లో పుట్టిన ఓగ్లాలా లకోటా చిత్రకారుడు. 1988 నుంచి మొదలుపెట్టి పాత ఫొటోలు, పత్రికల ప్రకటనలు, లెడ్జరు కాగితాలు, చేతిరాతలు కలిపి అతికించారు. దుప్పట్లు కప్పుకున్న లకోటాలు ఆ బొమ్మల్లో మోటారు కార్లెక్కుతారు. రిజర్వేషన్ల తొలి దశాబ్దాల జీవితం అది. ఆ కాలంలో లకోటాలు అంతరించిపోతున్నారని తెల్లవాళ్లు రాసుకున్నారు. వీళ్లేమో బతుకుతూ, మారుతూ, నవ్వుకుంటూ ఉన్నారు.

లెడ్జరు కాగితం ఊరికే రాలేదు. బైసన్ మందలను చంపేశాక బొమ్మలేయడానికి తోళ్లు కరువయ్యాయి. దాంతో సైన్యమూ, వ్యాపారులూ లెక్కలు రాసుకునే పుస్తకాల్లోనే మైదాన తెగల మగవాళ్లు తమ యుద్ధాలు గీసుకున్నారు. దొరల లెక్కల మీద తమ చరిత్ర! అమియోట్ ముత్తాత స్టాండింగ్ బేర్ అట్లాంటి చిత్రకారుడే. 1876 లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధాన్ని చూసినవాడు, బఫెలో బిల్ ప్రదర్శనతో యూరప్ తిరిగినవాడు, ఆస్ట్రియా స్త్రీని పెళ్లాడినవాడు. ఇంతకీ ఇతను సంప్రదాయమా, ఆధునికమా? ఆ ప్రశ్నే తప్పు అంటాయి ముత్తాత గీతలను మళ్లీ గీసి అతికించిన ఈ కొలాజ్‌లు.

అమియోట్ ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ ఆస్కార్ హౌ బొమ్మను 1958లో ఒక పోటీలో ఇండియన్ శైలి కాదని తోసిపుచ్చారు. ఆయన నిరసిస్తూ ఉత్తరం రాశాడు. ఈ తోసిపుచ్చడం మనకు కొత్తదేం కాదు. 1909లో థర్‌స్టన్ మన తాతలను కులాలు, తెగల సంపుటాల్లో కొలతలతో సహా బిగించాడు. ఇవాళ కూడా ప్యాంటేసుకుని ఇంగ్లీషు మాట్లాడితే "నువ్వింకేం దళితుడివి?" అనే పెద్దమనుషులున్నారు. వాడవాడనా నిలబడ్డ అంబేద్కర్ విగ్రహం కోటు వేసుకునే ఉంది. ఆ కోటు మనల్ని మనం పోగొట్టుకున్న గుర్తు కాదు, గెలుచుకున్న గుర్తు.

అయితే మాకొక పేచీ ఉంది. కొలాజ్‌లోని చమత్కారం గ్యాలరీ గోడ మీద ముచ్చటగా మిగిలిపోయే ప్రమాదముంది. మార్పు అన్నప్పుడు ఎవరు మార్చారో కూడా అడగాలి. 1868 ఒప్పందం బ్లాక్ హిల్స్‌ను లకోటాలకు రాసిచ్చింది, 1877లో ప్రభుత్వమే లాక్కుంది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా కాల్చింది. తర్వాత 146 శవాలను ఒకే గోతిలో పూడ్చారు. ఇది తెలియని చూపరికి కారులో కూర్చున్న లకోటా వింతగా కనిపిస్తాడు తప్ప, ప్రాణం దక్కించుకున్న మనిషిగా కనిపించడు. 1980లో సుప్రీంకోర్టు 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారమంటే సూ జాతులు ఆ సొమ్ము ముట్టలేదు. వాళ్లకు కావాల్సింది భూమి. కారెక్కినంత మాత్రాన భూమిని మరిచిపోయినట్టు కాదు.

ఈ పేచీ ఉన్నా అమియోట్ నుంచి మనం నేర్చుకోవాల్సిన పనొకటుంది. మన ట్రంకుపెట్టెల్లో రేషన్ కార్డులు, హాస్టల్ గ్రూపు ఫొటోలు, చెల్లని పట్టాలు, పెళ్లి పత్రికలు చెదలు పడుతున్నాయి. వాటిని చరిత్రగా ఎవరో వచ్చి గుర్తించరు. పారేయకముందే మనమే తీసి, పక్కపక్కన పెట్టి, మన చేతిరాతతో కింద పేర్లు రాయాలి.