సహజత్వానికి మారుపేరు

మా అన్నయ్య కొడుకు దగ్గర ఒక పాత కంప్యూటరు వుంది. ఇంట్లో కొత్తవి రెండున్నా దాన్ని మాత్రం పారెయ్యడు. పాత సామాన్లవాడి కేక వీధిలో వినబడినప్పుడల్లా వాళ్ళావిడ దానివైపు ఆశగా చూస్తుంది. వాడు వెళ్ళి దానికి అడ్డంగా నిలబడతాడు. "ఏముందిరా అందులో?" అని అడిగాను ఒకసారి, వుండబట్టలేక. "గ్రాండ్ ప్రీ లెజెండ్స్ వుంది బాబాయ్" అన్నాడు, దేవుడి గదిలో సాలగ్రామం వుందని చెప్పినంత భక్తిగా.

తీరా చూస్తే అది కారు పందేల ఆట! 1998లో అమెరికాలో పపైరస్ అనే సంస్థవాళ్ళు చేశారు, సియెర్రావాళ్ళు అమ్మారు. అప్పటి కొత్త కార్లన్నీ వదిలేసి, ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, 1967 నాటి ఫార్ములా వన్ పందేలను తీసుకున్నారు. జిమ్ క్లార్క్ లోటస్ 49 ఎక్కిన ఏడాది అది. ఆట చేసినవాళ్ళలో ముఖ్యుడు డేవిడ్ కేమర్. కారు చక్రం రోడ్డును ఎలా పట్టుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది అన్న ఒక్క ప్రశ్న చుట్టూ జన్మంతా తిరిగిన మనిషి.

ఆటతోపాటు మావాడు ఆనాటి సమీక్షలు కూడా కొన్ని దాచుకున్నాడు, పెళ్ళినాటి శుభలేఖల్లాగా. కంప్యూటరు ఆటల సంగతి నాకేం తెలుసు గనక! అయినా చదువుతూ వుంటే ఎక్కడో విన్న గొంతులాగే తోచింది. ఏది తీసినా సహజత్వం, సహజత్వం! కాసేపటికి ఆ గొంతు ఎవరిదో తెలిసింది. నాదే. ముప్పై ఏళ్ళ నుంచీ పుస్తక సమీక్షలు రాస్తున్నవాణ్ణి. "సహజత్వం వుట్టిపడుతోంది" అని ఎన్ని నవలలకు కితాబిచ్చానో లెక్క లేదు.

సరే, ఆ మాటలో నిజమెంతో మనమే చూద్దామని కుర్చీలో కూర్చున్నాను. మావాడు బల్లకు స్టీరింగ్ బిగించాడు, కాళ్ళ దగ్గర పెడళ్ళు పెట్టాడు. "మెల్లిగా తొక్కు బాబాయ్, గుడ్డు మీద కాలు పెట్టినట్టు" అన్నాడు. మెల్లిగానే తొక్కాననుకున్నాను. బండి వున్నచోటే గిర్రున తిరిగి, వచ్చిన దారివైపు మొహం పెట్టి నిలబడింది. రెండోసారి మొదటి మలుపు దాకా వెళ్ళాను. అక్కడ బ్రేకు వేశాను. వెయ్యకుండా వుంటే బాగుండేది. మూడోసారి ఎక్కడికి వెళ్ళానో నాకే తెలియదు. ఆకాశం కనబడింది, తర్వాత గడ్డి కనబడింది.

ఇందులో ఆట చేసినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ బళ్ళే అలాంటివి. అయిదు వందల కిలోల పైచిలుకు బరువు, దాన్ని లాగడానికి నాలుగు వందల గుర్రాల బలం. బండిని నేలకు అదిమిపెట్టే రెక్కలు ఫార్ములా వన్‌లోకి 1968లో గానీ రాలేదు. కనక మలుపులో బండిని నిలబెట్టేది నాలుగు చక్రాలూ, నడిపేవాడి పాదమూ, అంతే. కాడి మరగని కోడెను తిరణాలలోకి తోలుకుపోవడం లాంటిది. ఆ కోడె వేషాలన్నిటినీ కేమర్ బృందం లెక్కల్లోకి దించింది. సెకనుకు 288 సార్లు ఆ లెక్క మళ్ళీ మళ్ళీ కట్టుకుంటుందట కంప్యూటరు. నేను గడ్డిలో పడ్డప్పుడు కూడా ఆ లెక్క తప్పలేదన్నమాట!

సమీక్షకులు దీన్ని ఆకాశానికెత్తారు. అమ్మకాలు మాత్రం నేల మీదే వుండిపోయాయి. కారణాలు వెతికితే బోలెడు. 1967 పందేలు అమెరికాలో ఎంతమందికి గుర్తు? స్టీరింగ్ కొనుక్కున్నవాళ్ళు ఎందరు? టైపు మీటలతో ఆ బండిని నడపాలనుకోవడం ఈతాకు తెడ్డుతో గోదారి దాటాలనుకోవడమే. బొమ్మ సాఫీగా కదలాలంటే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కూడా వుండాలి. ఇవన్నీ నిజమే. కానీ నా మనసు ఇంకోచోట ఆగింది. ఆ సమీక్షల్లో కష్టమన్న సంగతి దాచలేదు. చెప్పారు, కానీ బిరుదులాగా చెప్పారు. మా అబ్బాయి చాలా కోపిష్టి అని తల్లి మురుసుకుంటూ చెప్పినట్టు. అది విన్న పెళ్ళికూతురి తండ్రి ఏమనుకుంటాడు?

దానికి కొన్నినెలల ముందే, 1997 డిసెంబరులో, జపానులో గ్రాన్ టురిస్మో వచ్చింది. కజునొరి యమౌచి చేశాడు. దాన్నీ సహజత్వం పేరుమీదే పొగిడారు. అందులో కారును గోడకేసి కొట్టినా సొట్ట పడదు! కానీ అది కొత్తవాణ్ణి చెయ్యిపట్టుకుని నడిపిస్తుంది. ముందు లైసెన్సు పరీక్షలు పెడుతుంది: ఇక్కడ ఆగు, ఈ మలుపు ఇలా తిరుగు, ఇప్పుడు ఆ పందెంలోకి వెళ్ళు అంటుంది. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. గ్రాండ్ ప్రీ లెజెండ్స్‌లోనూ నేర్చుకునేవాళ్ళకని బలం తగ్గించిన బళ్ళున్నాయి గానీ, ఓనమాలు దిద్దించే ఓపిక దానికి లేదు. సొట్ట పడని కారుదీ సహజత్వమే, ఆకాశం చూపించిన కారుదీ సహజత్వమే! ఒకే మాట రెండింటికీ సరిపోయిందంటే ఆ మాటకు నడుములో ఎముక లేదన్నమాట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక కొత్త రచయిత నవలను నేను తెగ మెచ్చుకుని రాశాను. మామూలుగానే సహజత్వం వుట్టిపడిందన్నాను. మా ఎదురింటి మాస్టారు అది చదివి పుస్తకం కొన్నారు. నాలుగో రోజున తెచ్చి నా బల్లమీద పెట్టారు. "సహజమేనండీ, కాదనను. అచ్చం మా ఇల్లే. కానీ మా ఇల్లు చూడ్డానికి నేను డబ్బిచ్చి కొనుక్కోవడం దేనికి? ముప్పయ్యో పేజీ దాటలేకపోయాను." నేను గట్టిగా నవ్వేశాను. నవ్వకుండా ఆయనకు చెప్పవలసింది ఒకటుంది: వంద పేజీలదాకా ఓపిక పట్టండి, తర్వాత మీరు వదలమన్నా అది మిమ్మల్ని వదలదు, అని. ఆ సంగతి నాకు ముందే తెలుసు. సమీక్షలో రాయలేదు. రాస్తే పుస్తకం పరువు తక్కువవుతుందనుకున్నాను. ఆ నవల అటకెక్కింది. దాన్ని రాసినాయన మళ్ళీ నవల జోలికి పోలేదు.

పపైరస్‌వాళ్ళూ మళ్ళీ 1967 జోలికి పోలేదు. అమెరికాలో గిరాకీ వున్న నాస్కార్ పందేలకే తిరిగి వెళ్ళారు. అయితే ఇక్కడ కట్టిన లెక్కలు వృథా పోలేదు, 2001లో వచ్చిన నాస్కార్ రేసింగ్ 4 కు అవే పునాది.

ఆట ఆడి అలిసిపోయాక ఆ సమీక్షలు మళ్ళీ తీశాను. ఈసారి వేరే ప్రశ్న పుట్టింది. నిజం కారులో బండి జారబోతుంటే ముందు తెలిసేది నడుముకు, తర్వాతే కంటికి. నా కుర్చీ మాత్రం కదలదు. కనక లెక్క ఎంత నిజమైనా, నా పని జిమ్ క్లార్క్ పనికంటే ఒక రకంగా కష్టం. ఇంకో రకంగా చూస్తే సిగ్గుపడాల్సినంత సుఖం. రెండు మీటలు కలిపి నొక్కితే విరిగిన బండి చెక్కుచెదరకుండా రోడ్డుమీదకి వచ్చేస్తుంది. అసలు 1967లో లొరెంజో బందినీ మొనాకోలో మంటల్లో చిక్కి మూడు రోజులకు చనిపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్లో క్లార్క్ కూడా హాకెన్‌హైమ్‌లో పోయాడు. వాళ్ళకు ఆ రెండు మీటలు లేవు. మావాడు దాచిన సమీక్షల్లో సహజత్వం గురించి అంత మాట్లాడినవాళ్ళెవరూ ఈ మీటల దగ్గర ఒక్క క్షణం ఆగలేదు.

ఇంకో తమాషా. అనుమతులు కుదరక కొన్ని బళ్ళకు అసలు పేర్లు పెట్టలేకపోయారు. హోండా కాస్తా మురసామా అయింది, కూపర్ కోవెంట్రీ అయింది. సహజత్వానికి మారుపేరు అని నేను రాస్తూ వుండేవాణ్ణే, అదిక్కడ అక్షరాలా నిజమైంది! అంతేకాదు, 1967లో ఫ్రాన్సు పందెం నిజంగా జరిగింది ల మాన్‌లోని చిన్న దారిమీద. నడిపినవాళ్ళకే అది నచ్చలేదు. ఆటవాళ్ళు దాన్ని పక్కనపెట్టి అందమైన రూఎన్ దారిని తెచ్చిపెట్టారు. దీన్ని నేను తప్పంటానా? అనను. కళ్ళున్నవాడు చేసే పనే అది. కానీ దానికి పెట్టాల్సిన పేరు సహజత్వం కాదు, ఎంపిక.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వదలకుండా పట్టుకున్నవాళ్ళు దీన్ని ఇప్పటికీ వదల్లేదు. 1965 బళ్ళు, 1969 బళ్ళు సొంతంగా చేసి చేర్చుకున్నారు. కొత్త దారులు వందల్లో గీసుకున్నారు. కేమర్ 2008లో తెచ్చిన ఐరేసింగ్‌లో అసలు పందెగాళ్ళే సాధన చేస్తుంటారు. లోటస్ 49 అందులోనూ వుంది. ఆనాటి సమీక్షకులు చెప్పిన తీర్పు తప్పు కాలేదు. కొనేవాడి జేబు గురించీ, సాయంత్రాల గురించీ మాత్రం వాళ్ళు ఆలోచించలేదు.

నాలుగో సాయంత్రం వాట్కిన్స్ గ్లెన్ దారిమీద ఒక చుట్టు పూర్తి చేశాను, ఎక్కడా గడ్డి తినకుండా. 1967లో గ్రాహం హిల్ అక్కడ అర్హత పోటీలో నిమిషం అయిదు సెకన్ల చిల్లరలో తిరిగొచ్చాడు. నాకు మూడు నిమిషాలు కావస్తోంది. అరచేతులు తడిసిపోయాయి. "రాయరాదూ బాబాయ్ దీనిమీద" అన్నాడు మావాడు.

నేనైతే 1998లో ఇలా రాసేవాణ్ణి: అయ్యా, దీనికి స్టీరింగు కావాలి, మంచి కంప్యూటరు కావాలి, మొదటి మూడు సాయంత్రాలు మీరు గడ్డిలోనే వుంటారు. నాలుగోది కూడా తెచ్చివ్వగలిగితే కొనండి, లేకపోతే వద్దు. రాసిచ్చాక మావాడు చదివి, "ఇలా రాస్తే ఎవరు కొంటారు బాబాయ్?" అన్నాడు. మాస్టారు వుంటే అడిగేవాణ్ణి.