దక్కన్ హార్స్ షెర్మన్‌కి రంపం పట్టాలి

షెర్మన్ ట్యాంకులన్నీ ఒకటే అనేవాళ్లతో నాకు పేచీ. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా యాభై వేలకు దగ్గరగా తయారుచేసిన బండి అది. రైలింజన్ల కంపెనీలూ కార్ల కంపెనీలూ పంచుకుని చేశాయి. ఇంజన్ మారినప్పుడల్లా వెనక భాగం మారింది. డ్రైవర్ హ్యాచ్ పెద్దదయ్యాక, నిలువుకు 56 డిగ్రీలు వాలి ఉండే ముందు పలక 47 డిగ్రీలకు లేచింది. ఇవన్నీ 1/35 సైజు ప్లాస్టిక్ మోడల్లో మామూలు కంటికే తెలుస్తాయి. అయినా చేతికందిన కిట్ అతికించి, నచ్చిన రెజిమెంటు గుర్తు అంటించి, ఇదే మన షెర్మన్ అనేవాళ్లకు లోటు లేదు.

మన షెర్మన్ ఏదంటే, నా మటుకు నాకు దక్కన్ హార్స్‌దే. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల వారసత్వం ఉన్న రెజిమెంటు అది. 1945 మార్చిలో బర్మాలో మెయిక్టీలా దగ్గర 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్‌లో షెర్మన్లతో పోరాడింది. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచినప్పుడు కూడా దాని చేతిలో ఉన్నవి షెర్మన్లే. బర్మాలో నడిపినవి బ్రిటిష్‌వాళ్ల లెక్కలో షెర్మన్ 5, అమెరికన్ల లెక్కలో ఎం4ఎ4. మోడలర్లకు అసలు పని పెట్టేది ఆ ఎ4.

షెర్మన్లలో బిగించే విమానం ఇంజన్లకు కరువొచ్చిన రోజుల్లో క్రిస్లర్ కంపెనీ ఐదు కారు ఇంజన్లను ఒక్కచోట బిగించి 30 సిలిండర్ల ఇంజన్ చేసింది. అది మామూలు షెర్మన్‌లో పట్టలేదు. బండినే సాగదీశారు. మామూలు షెర్మన్‌కి ఒక్కో వైపు ట్రాక్‌లో 79 లింకులు, ఎం4ఎ4కి 83. లింకు 6 అంగుళాలు. పెరిగిన నాలుగింటిలో పైన రెండు, కింద రెండు వేసుకోండి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య అడుగు దూరం పెరిగినట్టు. మోడల్లో అది 8, 9 మిల్లీమీటర్లు. ఇంత కొంచెమే కదా అనకండి. చక్రాలు బిగించిన మూడు బోగీలూ ఎడంగా జరుగుతాయి, టర్రెట్ వెనక డెక్ పొడుగవుతుంది, బండి రూపే మారిపోతుంది. కాబట్టి మామూలు కిట్‌తో ఎం4ఎ4 చేయాలంటే హల్‌ని, అంటే బండి ఒంటిని, ఇంజన్ గది దగ్గర అడ్డంగా కోయాల్సిందే.

కోయడం ఒక విద్య. పలుచని రంపంతో, స్కేలు ఆనించి, తొందరపడకుండా కోసి, మధ్యలో స్టైరీన్ షీటు ముక్కలు పేర్చి అతికిస్తారు. లోపలి వైపు అడ్డ పట్టీలు వేయకపోతే వారం తిరిగేసరికి హల్ అరటికాయలా వంగుతుంది. బోగీలకు కిట్‌వాడు ఇచ్చిన పాత రంధ్రాలు పుట్టీతో మూసి, మూడింటి మధ్యా సమదూరం కాలిపర్‌తో కొలిచి కొత్తవి వేస్తారు. తర్వాత రేడియేటర్ కోసం డెక్ మీద ఒక ఉబ్బు, ఫ్యాన్ కోసం హల్ అడుగున ఇంకొకటి. అడుగున ఎవరు చూస్తారంటారా? చేసినవాడు చూస్తాడు.

కిట్ల కంపెనీ తమియా 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు చేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా చూసుకుంటే 1/35 సైజు కుదిరిందని చెబుతారు. లోకమంతా ఆ సైజుకే కట్టుబడింది. ఆ మోటారు కాలపు రంధ్రాలు పాత కిట్ల హల్ అడుగున ఉండిపోయాయి. పాత షెర్మన్ కిట్లలో ట్రాక్ పైన పక్కలకు పొడుచుకొచ్చే భాగం అడుగు ఖాళీగా ఉంటుంది. కింద నుంచి చూస్తే ట్యాంకు డొల్ల. ఒక్కో వైపు ఒక షీటు ముక్క కోసి మూస్తే పోయేదానికి, మూయకుండా పోటీలకు తెచ్చేవాళ్లున్నారు.

మందం సంగతి ఇంకా ఘోరం. మడ్‌గార్డ్ రేకు 3 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్లో 0.09 రావాలి. కిట్‌లో మిల్లీమీటరు మందం ఇస్తారు. అంటే అసలు బండి మీద 35 మిల్లీమీటర్ల ఉక్కు! షెర్మన్ పక్క కవచమే 38. అందుకే ఆ మడ్‌గార్డ్, హెడ్‌లైట్ చుట్టూ ఉండే కమ్మీలు తీసేసి సన్నని ఇత్తడి ఫోటో ఎచ్ రేకులు పెడతారు. మంచి చేయి దాన్ని అతికించి ఊరుకోదు, సోల్డర్ చేసి కాస్త వంచి, ఏ చెట్టుకో తగిలినట్టు చేస్తుంది.

ఇక అచ్చుపోత గరుకు. మందపాటి ప్రైమర్‌ని గట్టి కుంచెతో పొడిచి పొడిచి తెస్తారు. ఎక్కడ తేవాలో తెలియడమే నేర్పు. ఇంగ్లండ్ బోవింగ్టన్ మ్యూజియంలో ‘మైకేల్’ అనే ఎం4ఎ1 ఉంది. దాని హల్ పైభాగం అచ్చుపోత, గరుకు చుట్టూ రావాలి. ఎం4ఎ4 హల్ మాత్రం పలకలు వెల్డింగ్ చేసినది. టర్రెట్, బోల్టులతో బిగించిన మూడు ముక్కల ముందు కవర్, అలాంటి పోత భాగాలే గరుకు, పలకలు నునుపు. మొత్తం బండికి ఇసుక చల్లినట్టు పొడిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెల్డింగ్ గీతకు స్ప్రూని, అంటే కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడను, వేడి మీద సన్నగా సాగదీసి, అతికించి, గ్లూతో మెత్తబరిచి, కత్తి మొనతో వరసగా నొక్కుతారు. టర్రెట్ మీద డి50878 లాంటి ఫౌండ్రీ అంకెలు ఉబ్బెత్తుగా నిలబెడతారు. మొక్కాలనిపించే పని అది.

ట్రాక్‌ని కూడా జర్మన్ టైగర్ ట్యాంకు మాదిరి వేలాడదీస్తున్నారు. షెర్మన్ పిన్నులకు రబ్బరు బుష్‌లుంటాయి, పైవరస బిగుతుగా నడుస్తుంది. ఫోటో చూసే ఓపిక ఉంటే చాలు.

ఈ విద్యకు పెద్దలున్నారు. అమెరికన్ షెపర్డ్ పెయిన్ 1970లలో మోనోగ్రామ్ కిట్ పెట్టెల్లో వచ్చే చిన్న కరపత్రాలతోనే పిల్లల్ని శిల్పుల్ని చేశాడు. స్టీవెన్ జలోగా షెర్మన్ చరిత్ర రాసిన చేత్తోనే మోడళ్లు చేస్తాడు. బ్రిటన్ టోనీ గ్రీన్‌లాండ్ జర్మన్ ట్యాంకుల మోడళ్లు చూస్తే కిట్ ఎక్కడ ఆగిందో, ఆయన చేయి ఎక్కడ మొదలైందో తెలియదు. 1978లో హనికట్ రాసిన షెర్మన్ చరిత్ర పక్కన లేకుండా కత్తి పట్టుకోనివాళ్లున్నారు. నాది వాళ్ల పక్షమే.

ఎదుటి పక్షం తుప్పు పక్షం. బెల్జియం వెర్లిండెన్ డ్రై బ్రష్ పద్ధతిని ఇంటింటికీ చేర్చాడు, సంతోషం. స్పెయిన్ మిగ్ హిమెనెస్ రంగుల చాతుర్యాన్నీ కాదనను. కానీ శిష్యులు చేస్తున్నదేమిటి? బోగీలు తప్పు, హల్ పొట్టి, దాని మీద ఇరవై ఏళ్లు సముద్రపు ఒడ్డున పడేసినంత తుప్పు! మెయిక్టీలా మధ్య బర్మా మెట్ట నేల. అక్కడ బండ్లను కప్పింది దుమ్ము. సిబ్బంది రోజూ తుడిచి, గ్రీజు పెట్టి, ప్రాణాలు అప్పగించిన బండి అది. తుప్పంటే సైలెన్సర్ గొట్టాల దగ్గర ఉంటే ఉండొచ్చు. తప్పు కొలతలను రంగు కింద దాచడం ఇప్పుడు శైలి అనిపించుకుంటోంది.

దీనికి తోడు దొంగ కాపీలు. ఒకడు నెలల తరబడి చెక్కిన రెజిన్ టర్రెట్ మీద ఇంకొకడు రబ్బరు అచ్చు తీసి సగం ధరకు అమ్ముతాడు. అచ్చు మీద అచ్చు తీసేకొద్దీ రెజిన్ కుంచించుకుపోతుంది, అంచులు మొద్దుబారతాయి. కొన్నవాడికి టర్రెట్ హల్ మీద సరిగా కూర్చోదు, చెక్కినవాడికి కూడు ఉండదు. చవగ్గా వచ్చిందని మురిసిపోయే మన మిత్రులు దీన్ని ఒక్కసారి ఆలోచించాలి.

పొడవాటి హల్ కిట్లు వచ్చేశాయి కదా, తాస్కా కంపెనీ ఫైర్‌ఫ్లై కిట్ కొంటే పోలేదా అంటారు. కొనండి, అందులో తప్పేముంది. ఆసుకాగా మారిన ఆ జపాన్ కంపెనీ షెర్మన్ల మీద నాకు గౌరవం. కానీ దుకాణంలో దొరికినప్పుడు కదా, ధర అందినప్పుడు కదా! పాత కిట్ కోసి ఎం4ఎ4 చేసినవాడికి ఆ ఐదు ఇంజన్ల కథ వేళ్లలో ఉంటుంది. అది పెట్టెలో రాదు.

పోటీలు పెట్టేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. మోడల్ పక్కన రంగు వేయకముందు తీసిన ఫోటో పెట్టమనండి. తెల్ల స్టైరీన్, పసుపు ఇత్తడి, బూడిదరంగు పుట్టీ అందులో కనబడాలి. తర్వాత మోడల్‌ని తిరగేసి అడుగు చూడండి. దక్కన్ హార్స్ పేరు పెట్టి తెచ్చిన బర్మా షెర్మన్‌కి ఒక్కో వైపు 83 లింకులు లేకపోతే, తుప్పు ఎంత అందంగా ఉన్నా బహుమతి ఇవ్వకండి.