మంచం కింద శ్రోత

పొద్దు గుంకింది అని ఎవరో అన్నారనుకుందాం. పశువుల కాపరి తోటివాడితో అంటే మందను ఇంటికి మళ్లించమని. మేస్త్రీ కూలీలతో అంటే ఇక పని ఆపమని. సంధ్య వార్చుకునేవాడికి అది అనుష్ఠానానికి వేళయిందన్న హెచ్చరిక. దొంగల నాయకుడి నోట అదే మాట వస్తే దాని రంగే వేరు. ప్రియుడి కోసం ఎదురుచూస్తున్న అమ్మాయితో చెలికత్తె అంటే ఇక బయల్దేరమనీ కావచ్చు, అతనింకా రాలేదేమన్న దిగులూ కావచ్చు. అలంకారశాస్త్రంలో తరతరాలుగా చెప్పుకుంటున్న ఉదాహరణ ఇది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని చర్చించాడు. వాచ్యార్థం అందరికీ ఒక్కటే, వ్యంగ్యార్థం మాత్రం మనిషి మనిషికీ మారిపోతుంది.

మమ్మటుడు అంతటితో ఆగలేదు. అర్థాన్ని అలా మార్చేవి ఏవేవో వరుసగా చెప్పాడు. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఏ స్వరంతో? వాక్యం ఎలా కట్టారు, పైకి చెప్పిన విషయమేమిటి? పక్కన మూడో మనిషి ఎవరైనా ఉన్నారా? ఏ ప్రస్తావనలో, ఏ చోట, ఏ వేళలో ఆ మాట వచ్చింది? మాట్లాడేవాడు వక్త, వినవలసినవాడు బోద్ధవ్యుడు, స్వరంలోని విరుపు కాకువు. మూడో మనిషి ఉండటం అన్యసన్నిధి. అంతకు రెండు శతాబ్దాల ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో వేసిన పునాది మీద కట్టిన గోడ ఇది. ఈ శాస్త్రం మనకు దూరపుదేమీ కాదు. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు. మన కాలంలో పుల్లెల శ్రీరామచంద్రుడు అలంకారశాస్త్ర గ్రంథాలను తెలుగు వ్యాఖ్యానాలతో చదువరుల చేతికి అందించారు.

సాహిత్య పాఠంలో మనకు రెండు వేరువేరు గదులు కట్టే అలవాటుంది. ఒక గదిలో శిల్పం: ఇతివృత్తం, పాత్రలు, కథనం, ఎత్తుగడ, ముగింపు. రెండో గదిలో సందర్భం: రచయిత పుట్టిన ఊరు, కాలం, ఆనాటి ఉద్యమాలు. విద్యార్థి రెండింటినీ విడివిడిగా బట్టీ పట్టి, పరీక్షలో పక్కపక్కన పేరుస్తాడు. వాటి మధ్య తలుపు ఒకటుందని ఎవరూ చెప్పరు. మమ్మటుడి వరుసలో ఈ గోడే లేదు. వక్త ఎవరన్నది పాత్రచిత్రణకు చెందిన ప్రశ్న. దేశకాలాలేవన్నది సందర్భానికి చెందినది. ఆయన రెండింటినీ ఒకే వాక్యం మీద, ఒకే చూపుతో అడుగుతాడు. ఇందులో చాలా బలం ఉందని నా నమ్మకం. ఆ బలం ఎంతో చూడటానికి తెలుగువాళ్లందరికీ తెలిసిన ఒక చిన్న కథ చాలు.

గురజాడ అప్పారావు దిద్దుబాటు 1910లో, బందరు నుంచి వెలువడిన ఆంధ్రభారతిలో అచ్చయింది. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. ఇల్లంతా చీకటి, పడగ్గదిలో భార్య కమలిని లేదు. నౌకరు రాముణ్ణి లేపి చేయి చేసుకుంటాడు, వెంటనే నొచ్చుకుంటాడు. బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. ఇన్నాళ్లూ మీటింగులని చెప్పి సానుల పాటకు వెళ్తున్నాడని భార్యకు తెలిసిపోయింది, అందుకే పుట్టింటికి పోతున్నానని రాసింది. గోపాలరావు కుంగిపోయి రాముడి ముందే తన తప్పు ఒప్పుకుంటాడు, భార్యను ఎలాగైనా తీసుకురమ్మని బతిమాలుకుంటాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

ఇప్పుడు ఆ కథను మొదటి నుంచి మళ్లీ చదవండి. గోపాలరావు మాటలన్నిటికీ బోద్ధవ్యుడు రాముడు. చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో అతను ఉపన్యసించేది నౌకరుకే. తన బుద్ధి గడ్డితిందని చెప్పుకునేదీ నౌకరుకే. కానీ ఆ గదిలో మూడో మనిషి ఉంది. గోపాలరావుకు తెలియదు, మొదటిసారి చదివేటప్పుడు మనకూ తెలియదు. ముగింపు ఆ అన్యసన్నిధిని బయటపెట్టగానే వెనకటి వాక్యాలన్నీ మారిపోతాయి. రాముడితో అన్న మాటలు కమలినికి పెట్టుకున్న మొర అయిపోతాయి. సభలో చెప్పే గొప్పలు, భార్య ఎదుట ఎన్నటికీ చెప్పలేని పశ్చాత్తాపం రెండూ ఆమె చెవినే పడ్డాయి. కొసమెరుపు అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఈ ముగింపు ఆశ్చర్యపెట్టడానికి మాత్రమే పెట్టింది కాదు. కథలోని ప్రతి మాటకూ వినేవారిని మార్చేసిన ముగింపు ఇది. కథ పొడవునా సంభాషణే ఎందుకుందో, కథకుడు తన వ్యాఖ్యలను ఎందుకంత పొదుపుగా వాడాడో ఇక్కడ తెలుస్తుంది. మాటలు ఎవరో ఒకరు వినడానికే ఉండాలి. లేకపోతే మంచం కింద మనిషికి పనే లేదు.

రాముడి మాట ఉత్తరాంధ్ర నౌకరు మాట. గోపాలరావుది ఇంగ్లీషు కలిసిన చదువుకున్నవాడి వాడుక భాష. కమలిని ఉత్తరం మాత్రం గ్రాంథికపు నడకలో సాగుతుంది. ఇక్కడ నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. వాడుక భాష కోసం పోరాడిన రచయిత, కథలో అత్యంత తెలివైన మనిషి చేత గ్రాంథికం ఎందుకు రాయించాడు? ఈ ప్రశ్న శిల్పంలోంచే పుట్టింది. జవాబు వెతుక్కుంటూ మాత్రం 1910 నాటి వీధిలోకి నడవాల్సిందే. ఆ రోజుల్లో ఆడపిల్ల చదువు అంటే పుస్తకాల భాష చదువు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి బడిలోకి వాడుక భాషను తేవాలని అప్పటికే పట్టుబట్టారు. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చింది 1914లో. ఆ వాదం వేడెక్కుతున్న రోజుల్లో వచ్చిన ఈ కథలో గ్రాంథికం ఒక వేషంలా కనిపిస్తుంది నాకు. ఎదురుగా నిలబడి భర్తను నిలదీయడానికి ఆనాటి ఇల్లాలికి భాష లేదు. పుస్తకాల మర్యాద చాటున మాత్రం నిలదీయవచ్చు. పైగా ఆ ఉత్తరమే ఒక నాటకం, ఆమె ఎక్కడికీ పోలేదు. కథలో ఆమెది అనదగ్గ, ఏ వేషమూ లేని శబ్దం ఆ నవ్వొక్కటే.

దిద్దుబాటు తొలి తెలుగు కథ అవునా కాదా అన్న తగవు ఒకటుంది. భండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902లోనే హిందూసుందరిలో వచ్చింది కాబట్టి ముందువెనుకల సంగతి తేలికే. నాకు అంతకంటె విలువైనది రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం. రెండు కథల్లోనూ భర్తను దిద్దేది భార్యే. అచ్చమాంబ నాయిక భర్త ఎదుటే మాట్లాడి అతన్ని తప్పుదారి నుంచి మళ్లిస్తుంది. గురజాడ నాయిక ఉత్తరం రాసి దాక్కుంటుంది. రాసినది స్త్రీయా పురుషుడా అన్న సందర్భం పాత్ర నిలబడే చోటును కూడా మారుస్తుందా? మారుస్తుందని రెండు కథలతోనే తీర్మానించలేం. ప్రశ్న మాత్రం అడగదగినదే.

మమ్మటుడి పద్ధతికి ఒక హద్దుంది. ఆయన చెప్పిన దేశం, కాలం ఆ మాట పుట్టిన సన్నివేశానికి చెందినవి. ఏటి గట్టు, వెన్నెల రాత్రి, నిర్జన ప్రదేశం లాంటివి. ఆ సన్నివేశం ఏ సమాజంలో పుట్టింది, ఎవరి నోరు నొక్కి పుట్టింది అన్నది శాస్త్రం అడగలేదు. తెలుగులో ఆ ప్రశ్నలు గట్టిగా అడిగినవాళ్లు తరవాత వచ్చారు. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారం పాత కావ్యాల్ని కొత్త కళ్లతో చూసింది. కె.వి.ఆర్. మహోదయం గురజాడను ఆయన యుగంలో నిలబెట్టి చదివింది. రాచమల్లు రామచంద్రారెడ్డి మొహమాటం లేకుండా విలువ కట్టారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పం గురించి రాస్తూ శిల్పాన్ని వస్తువు నుంచి విడదీయలేదు. మమ్మటుడు కూడా తన వరుసను మూసేయలేదు. చివర ఆది అన్నాడు, అంటే ఇంకా ఉన్నాయని.

ఆ ఇంకా ఉన్నవాటిలో ఒకటి, కథలో ఎవరు మాట్లాడలేదన్నది. దిద్దుబాటులో గోపాలరావు రాత్రుళ్లు ఎవరి పాట వింటున్నాడో ఆమెకు మాట లేదు, ముఖం లేదు. 1890ల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో నాచ్ వ్యతిరేకోద్యమం నడుస్తోంది. వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి సంస్కర్తలు భోగం మేళాలను ఖండించారు. ఆ గాలిలో పెరిగిన పాఠకుడికి సాని అంటే భర్త పడ్డ గొయ్యి, అంతే. కానీ అదే 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించింది. నాగరత్నమ్మా ముద్దుపళనీ ఇద్దరూ దేవదాసీ కుటుంబాలవారే. ఆ కావ్యాన్ని వీరేశలింగం అశ్లీలమని తీసిపారేస్తే, మగ కవులకు లేని ఆక్షేపణ ఈమెకెందుకని నాగరత్నమ్మ నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాక గానీ ఆ నిషేధం తొలగలేదు. 1910 నాటి ఈ సంగతిని కథ పక్కన పెట్టి చూస్తే, కమలిని ఇంటికి కొన్ని వీధుల అవతల పాడుతున్న స్త్రీ పాటకత్తె మాత్రమే కాక పండితురాలు కూడా అయి ఉండవచ్చునన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చాక గోపాలరావు దిద్దుబాటు అంత నిష్కల్మషంగా కనిపించదు.

అయితే గురజాడ ఆ పాటకత్తెను మరిచిపోయాడని అనడం అన్యాయం. అంతకు ఒక్క ఏడాది ముందు, 1909లో తిరగరాసి అచ్చు వేసిన కన్యాశుల్కంలో వేశ్య మధురవాణి చేత కావలసినంత మాట్లాడించాడు. చివరి అంకంలో ఆమె మగ వేషం వేసుకుని సౌజన్యారావు ఇంటికే వెళ్తుంది. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషి ఆయన. ఆయనతో సరిసమానంగా వాదిస్తుంది. నాటకానికి ఏడు అంకాల చోటుంది కాబట్టి ఆ స్త్రీకి వాదించే వ్యవధి దొరికింది. కథానికది ఒక రాత్రి, ఒక ఇల్లు, మూడు గొంతులు. అందులో ఆమెను రప్పిస్తే మంచం కింద మనిషి రహస్యం నిలవదు. అంటే దిద్దుబాటులో ఆమె లేకపోవడం కొంత ఆ కాలపు చూపు వల్లా, కొంత కథానిక కొలత వల్లా జరిగింది. ఎంత దేనివల్లో తేల్చుకోవాలంటే దిద్దుబాటు చదివిన చేత్తోనే కన్యాశుల్కం చివరి అంకం తెరవాలి.