ఒకనాటి లోతు

పిరమిడ్ అని పేరు పెట్టారు నీకు. ఏ రాజూ కట్టించలేదు, ఏ కూలీ రాయి మోయలేదు. బ్రిస్బేన్ నుంచి నైరుతిగా మూడు గంటల దూరాన, క్వీన్స్‌లాండ్ పొలిమేరలో గిరవీన్ అడవి. ఆ అడవి నడుమ నిండు గ్రానైట్ బండవు నువ్వు. పోనూ రానూ సుమారు మూడున్నర కిలోమీటర్ల నడక. ఆ చిన్న నడకలో మేం ఎక్కేది ఒకనాటి లోతు.

దాదాపు 24 కోట్ల ఏళ్ల కిందట, నేలకు కిలోమీటర్ల అడుగున, కరిగిన రాతి మడుగువు నువ్వు. తొందరపడకుండా చల్లారావు. అంత నిదానం ఉండబట్టే స్ఫటికాలు పెరిగే వ్యవధి దొరికింది: తెల్లటి క్వార్ట్జ్, లేత గులాబీ ఫెల్డ్‌స్పార్, మిణుకుమనే నల్ల అభ్రకం. నెత్తిమీది నేలంతా వానలకూ గాలులకూ అరిగి కొట్టుకుపోయాక నువ్వు వెలుగు చూశావు. ఆ బరువు తీరగానే వ్యాకోచించి, ఉల్లిపొరల్లా పెచ్చులు విడుచుకుంటూ గుండ్రబడ్డావు. ఇప్పటికీ విడుస్తూనే ఉన్నావు.

నీ దగ్గరికొచ్చే దారంటే నాకు ప్రాణం. వాగు దాటగానే జామాయిల్ చెట్ల నీడ. మన దగ్గర కాగితం మిల్లుల కోసం బారులు తీర్చి పెంచే ఆ చెట్టు ఇక్కడ పుట్టింట్లో ఉంది. వంకర్లు తిరిగి, బెరడు ఊడ్చుకుని, తోచినట్టు పెరుగుతుంది. జూలై చివరికి వాటిల్ పొదలు పూస్తాయి. మన తుమ్మకు దూరపు చుట్టాలవి, పువ్వులో ఆ పసుపే. గుండ్ల సందుల్లో చల్లగాలి. అదృష్టముంటే లైర్‌బర్డ్ పాట. అడవిలోని ఇతర పిట్టల కూతలెన్నో తన గొంతులో పలికించే పక్షి అది.

కాసేపు మెట్లు. ఆ పైన మెట్లూ లేవు, చెట్లూ లేవు, నువ్వే. వంగి, అరిచేతులు ఆన్చి ఎక్కాలి. నీ గరుకే మాకు పట్టు. దక్కన్ బండల మీద ఆడుకున్న చేతులకు ఆ గరుకు కొత్త కాదు. హైదరాబాదు గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు; వాటి ముందు నువ్వు పసిబిడ్డవి. అయితేనేం, నువ్వు చల్లారే కాలానికి ఆ దక్కనూ ఈ ఆస్ట్రేలియా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో ఉన్నాయి. నడిమి సముద్రం తర్వాత వచ్చింది.

శిఖరం మీద, ఎవరూ నిలబెట్టని గుండొకటి అంచున నిలబడి ఉంది. ఎదురుగా నీ జోడు, రెండో పిరమిడ్. దొనల్లో వాననీరు, ఆ అంచున గుప్పెడు మట్టి, మట్టిలో నాచు, నాచు పక్కన గడ్డి, గడ్డిని ఆనుకుని ఓ పొద. రాతి మీద అడవి ఎలా మొదలవుతుందో వరస తప్పకుండా చూపిస్తావు. అన్నిటికన్నా ముందొచ్చినవి లైకెన్లు. మన మసాలాలో పడే రాతిపువ్వూ వాటి కోవదే.

చుట్టూ అడవి. అది దాటితే స్టాన్‌థోర్ప్ పల్లెసీమ: ఆపిల్ తోటలు, ద్రాక్షతోటలు, చలికాలం తెల్లవారుజామున మంచు పేరుకునే బయళ్లు. ఆ మన్ను ఎక్కడిది? నీ తోబుట్టువులే పొడై, ఇసుకై, పల్లానికి జారి ఆ తోటల వేళ్ల కింద పరుచుకున్నారు. అక్కడి ద్రాక్షపండు నోట్లో వేసుకున్నవాళ్లంతా నీ ఉప్పు తిన్నవాళ్లే.

నిన్ను తవ్వి, కోసి, పాలిష్ పట్టి వంటింటి గట్లకు పరచకుండా జాతీయ ఉద్యానంగా కాపాడిన చట్టానికి మొక్కుతాను. కరీంనగర్ గుట్టలెన్నిటికో ఆ భాగ్యం దక్కలేదు. ఆ బాధ నీ మీద కూర్చున్నప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

బ్రిస్బేన్‌లో ఉన్న మనవాళ్లారా, ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బీచ్‌లతో సరిపెట్టకండి, ఇక్కడికి తీసుకురండి. పైదాకా ఎక్కలేకపోతే వాగు ఒడ్డున బండల మీద కూర్చోబెట్టండి. నీళ్లు తెచ్చుకోండి. వాన పడిన రోజు మాత్రం పై బండ ఎక్కకండి. తడిస్తే ఆ రాయి కాలు నిలవనివ్వదు.